మోకాళ్లు వంచే బస్సు

తెల్లారగట్ల హార్బరులో చేపల వేలం ముగిశాక జాలారిపేట ఆడవాళ్లు గంగమ్మ తల్లిని తలుచుకుని ఒకరి బుట్ట ఇంకొకరి తలకెత్తుతారు. తలకెక్కిన బుట్ట మళ్లీ బోణీ అయితే గానీ కిందికి దిగకూడదు. అత్తలు, అత్తల అత్తలు పెట్టిన కట్టుబాటు అది. పోతమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ బుట్టతో కంచరపాలెం దాకా నడుస్తోంది. చేపలు అమ్ముతుంది, బేరాలాడుతుంది, తిట్టాల్సిన వాళ్లని తిడుతుంది, ఎండ ముదిరేసరికి ఇల్లు చేరుతుంది. బస్సెక్కుదామంటే కండక్టర్లు అల్లంత దూరం నుంచే ముక్కు మూసుకుని రైట్ రైట్ అనేస్తారు. అదే చేప పులుసు పెడితే లొట్టలేసే వాళ్లే మరి.

ఈ మధ్య ఆమె మోకాళ్లు మొండికేశాయి. కొడుకు గురువులు పోరు మొదలెట్టాడు.

"అమ్మా, ఇంక ఒగ్గీ. రొయ్యల షెడ్డులో కూకుని ఒలుసుకుందువు గాని. నాను మాటాడీసినాను."

"కూకుంటే నానేటైపోతానో నీకు తెల్దురా," అంది పోతమ్మ.

షెడ్డులో రోజంతా మేస్త్రీ మొహం చూడాలి. కంచరపాలెంలో అయితే వీధులకు వీధులు ఆమె కేక కోసం ఎదురుచూస్తాయి. ఆ కేక ఆగిపోతే తను ఉన్నా లేనట్టేనని ఆమె భయం.

అది రెండువేల అయిదో సంవత్సరం. జిల్లా ఆఫీసు వెనకాల ఒక పాత గదికి సున్నం కొట్టించి 'కొత్త పద్ధతుల విభాగం' అని బోర్డు పెట్టారు. జనం బాధ ఏదైనా తీసుకుని, దానికో ఉపాయం ముందు చిన్నగా చేసి చూడటం, పనికొస్తే ఊరంతా పెట్టడం ఆ గది పని. తణుకు నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికొచ్చిన కుటుంబంలోని అనూరాధ అక్కడ ఆఫీసరు. ఆమె చేపల ఆడవాళ్ల కోసం ఒక కొత్త బస్సు తెప్పించి, సీట్లు పీకించి, బుట్టలు పెట్టుకోవడానికి కడిగితే పోయే స్టీలు రేకు పరిపించింది. బస్సు తళతళలాడింది. ఒక్కరూ ఎక్కలేదు.

"బుట్ట లోపల దించుకోవచ్చు కదమ్మా, అంత చోటు చేయించాను," అంది అనూరాధ. ఏడవడం ఒక్కటే తక్కువ.

"బోణీ అవకుండా ఎలాగ దించుతామమ్మా? తలమీదెట్టుకునే ఎక్కుదామంటే మెట్టు సూడండి, ఎంతెత్తుందో. పైన టాపుకి గుద్దుకుంటాది," అంది పోతమ్మ.

అనూరాధ తన నెత్తిన తనే మొట్టికాయ వేసుకుంది. "బుట్టని కొలిచాను గానీ, దాని కింద మనిషిని కొలవలేదు," అంది.

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది, డిపో వెనక తుక్కులో పడున్న పాత బస్సు. ఊళ్లో అందరూ ఎరిగిన బస్సే. ముసలివాళ్లని, మూటలవాళ్లని చూస్తే మావటి ముందు ఏనుగులా మోకాళ్లు వంచి కూర్చునేది. ప్రతి స్టాపులోనూ అలా కూర్చుంటే టైము తప్పుతోందని పక్కన పడేశారు. అనూరాధ దాన్ని బయటికి తీయించింది, టాపు కోయించి ఎత్తు పెంచింది. ఇక అది హార్బరు గేటు దగ్గర వంగేది, ఆడవాళ్లు తలమీద బుట్టలతోనే ఇంట్లోకి నడిచినట్టు ఎక్కేవాళ్లు.

అయితే ప్రయోగం ప్రయోగమే. పెద్దాఫీసరు శ్రీరామ్మూర్తి గారు ఒకరోజు బస్సులో కూర్చుని వెళ్లి, ఉంచాలో తీసేయాలో తేల్చాలి. ఆయనకి వాచీ మీదున్న నమ్మకం మనుషుల మీద లేదు. సరిగ్గా ఆయన వచ్చే పొద్దునే, గడప దాటబోయిన పోతమ్మకి మోకాళ్లు పట్టేశాయి. అక్కడే కూలబడింది. గురువులు కాళ్లు పిసుకుతూ, "షెడ్డుకి కబురెట్టేత్తానమ్మా," అన్నాడు మెల్లగా. పోతమ్మకి ఏడుపొచ్చింది, ఏడ్చింది.

శ్రీరామ్మూర్తి గారిని, అనూరాధని ఎక్కించుకుని హార్బరుకి పోతున్న బస్సు అప్పుడే జాలారిపేట మీదుగా వస్తోంది. డ్రైవరు చలమయ్య స్టీరింగు ఒకవైపు తిప్పితే బస్సు ఇంకోవైపు తిరిగింది. ఆరేసిన వలలు తప్పించుకుంటూ ఇరుకు సందులోకొచ్చి, పోతమ్మ ఇంటి ముందు ఆగి, ఎప్పటికన్నా బాగా వంగింది. మెట్టు ఆమె గడపకి సమానంగా వచ్చింది.

"ఇక్కడ స్టాపు లేదు కదయ్యా?" అన్నారు శ్రీరామ్మూర్తి గారు వాచీ చూసుకుంటూ.

"నేదండి. ఆవిడ ఎక్కకుండా ఇది కదల్దండి," అన్నాడు చలమయ్య.

అనూరాధ చెయ్యి అందించింది. పోతమ్మ కూర్చున్న చోటి నుంచే జరిగి బస్సులోకి వచ్చి, కమ్మీ పట్టుకుంది. శ్రీరామ్మూర్తి గారు వాచీ వదిలేసి ఆమె కాళ్ల వంక చూశారు.

"ఇలాంటి గడపలు ఈ పేటలో ఇంకెన్నున్నాయమ్మా?" అని అడిగారు.

"కనుక్కుంటానండి," అంది అనూరాధ.

"కనుక్కోండి. ముందు ఇక్కడ స్టాపు బోర్డు పాతించండి."

బస్సు మెల్లగా లేవడం మొదలెట్టింది. దానితోపాటే పోతమ్మ మోకాళ్లూ లేచాయి. అది నిలబడేసరికి ఆమె కమ్మీ పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది.

"గురువులూ, ఆ బుట్ట ఇలా అందీరా," అంది పోతమ్మ. "వేలం అయిపోతాది."