ముఖం తిప్పుకున్న కాపీలు

పొద్దున ఎనిమిదిన్నరకి ఇమిగ్రేషన్ ఆఫీసు గేటు తీస్తారు. ఎనిమిదికల్లా దానికి ఎదురుగా రేకుల షెడ్డు కింద లామ్దువన్ తన జిరాక్స్ మిషను మీది ప్లాస్టిక్ పట్టా తీసి దులిపేది. కాగితాల కట్ట విప్పి, చెమ్మ ఆరడానికి కాసేపు బల్బు కింద పెట్టేది. తర్వాత గమ్ము సీసా, స్టేప్లరు, నాలుగు నీలం పెన్నులు, ఫొటోలు కత్తిరించే కత్తెర వరసగా బల్ల మీద పేర్చేది. కత్తెరని తాడుతో బల్లకి కట్టింది. విదేశీయులు మంచివాళ్లే గానీ, కంగారులో కత్తెర జేబులో వేసుకుని పోతారు.

లాంపాంగ్‌లో ఇరవై రెండేళ్లుగా ఇదే ఆమె బతుకు. అరవై మూడేళ్ల మనిషి. చదివింది నాలుగో తరగతి. అయినా పింఛను వీసా సంగతులు ఆమెకి తెలిసినంతగా లోపల ఏసీలో కూర్చున్నవాళ్లకి తెలియవు. బ్యాంకులో ఎనిమిది లక్షల బాట్ రెండు నెలలు కదలకుండా పడి ఉండాలి. అర్జీ పెట్టే రోజు పొద్దునే ఒక వంద బాట్ వేసి, పుస్తకంలో ఆ రోజు తేదీ పడేలా చూసుకోవాలి. బ్యాంకు ఉత్తరం కావాలి, ఇంటికి దారి చూపే పటం కావాలి, ఇంటి ఓనరు ఇచ్చిన కాగితం కావాలి. ప్రతి కాపీ మీదా సంతకం, అదీ నీలం సిరాతో. ఒక్క కాగితం తక్కువైందని ముసలివాళ్లని మూడేసి సార్లు తిప్పుతుంటే లామ్దువన్‌కి ఒళ్లు మండిపోయేది.

"నలభై ఏళ్లు గొడ్డుచాకిరీ చేసి, దాచుకున్నది మన ఊళ్లో తిని పోదామని వచ్చారు. దొంగల్ని నిలబెట్టినట్టు ఎండలో నిలబెడతారేం?" అని గేటు దగ్గర గార్డుని నిలదీసేది. పాపం ఆ గార్డు చేసిందేమీ లేదు. ఆమె గొంతు లోపలికి వినపడాలి, అంతే.

అన్నిటికంటే చిక్కు పెట్టేది పాస్‌పోర్టు కాపీ. అసలు ఫొటోలో తిన్నగా చూస్తున్న మనిషి, లామ్దువన్ మిషన్లోంచి కాపీగా బయటికొచ్చేసరికి, మనసు ఎటుంటే అటు తిరిగి ఉండేవాడు. యూరప్ వాళ్లు ఎక్కువగా ఎడమకి, బస్టాండు వైపు. జపాన్ వాళ్లు కుడికి, నూడుల్స్ బండి వైపు. ఉండిపోదామని నిజంగా తేల్చుకున్నవాళ్లు మాత్రం తిన్నగా. ముఖం తిన్నగా ఉన్న కాపీలే తీసుకుంటామని ఆఫీసు గోడకి నోటీసు కూడా అంటించారు. తిరిగి ఉన్నవాటిని, సంతకం మరిచిపోయిన కాగితాన్ని ఇచ్చినట్టే, వెనక్కి ఇచ్చేసేవారు. ఆ మనిషి వెళ్లి నూడుల్స్ తిని, ఇంటికి ఫోన్ చేసి కాసేపు ఏడ్చి, మళ్లీ వచ్చి తీయించుకునేవాడు. ఒక డెన్మార్క్ వడ్రంగికి ఆరు వారాలైనా ముఖం కుదరలేదు. కుక్కని విమానంలో తెప్పించుకున్నాక కుదిరింది.

ఆ మంగళవారం అందరికంటే ముందు వచ్చింది కికుయే. జపాన్ ఆవిడ. అరవై ఎనిమిదేళ్లుంటాయి. నీగాతాలో ఒక బడి వంటశాలలో ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకి వండిపెట్టింది. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. రాత్రి బడిలో రెండేళ్లు నేర్చుకున్న ఇక్కడి భాషని మాట మాటా ఏరి పేర్చినట్టు మాట్లాడేది.

"ఈ రోజుతో నా వీసా తొంభై రోజులూ అయిపోతాయి చెల్లెమ్మా."

"ఆఖరు రోజు దాకా ఎందుకు ఆగారక్కా?"

"ఇల్లు అమ్మిన డబ్బు ఆలస్యంగా చేతికొచ్చింది. బ్యాంకులో రెండు నెలలు నిండాలి కదా. నిన్నటికి నిండాయి."

ఈ రోజు ముద్ర పడకపోతే రేపటికల్లా దేశం దాటాలి. దాటి ఎక్కడికి పోతుంది? అక్కడ ఇల్లు లేదు, ఊరి జాబితాలో పేరు కొట్టించేసుకుంది. పిల్లలు లేరు. ఏడాదికోసారి బతికే ఉన్నానని కాగితం పంపితే పింఛను ఇక్కడికే వచ్చేట్టు కూడా రాసిచ్చి వచ్చింది.

లామ్దువన్ పాస్‌పోర్టు తెరిచి అద్దం మీద బోర్లించి మూత వేసింది. కాపీ బయటికొచ్చింది. ముఖం కుడికీ లేదు, ఎడమకీ లేదు. గడ్డం ఛాతీకి ఆనించి, కిందికి, నది వైపు చూస్తోంది.

"ఇంకోటి తీద్దాం."

రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది మరికాస్త వంగింది.

అయినా సరేనని కికుయే ఆ కాపీతోనే లోపలికి వెళ్లింది. పది నిమిషాల్లో కాగితాల సంచీ గుండెకి హత్తుకుని తిరిగొచ్చింది. వెనకే ఆఫీసరు ప్రసిత్ గేటు దాకా వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు.

"పెద్దమ్మా, ఆవిడవి మిగతావన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ముఖం ఒక్కటే. నాలుగు లోపు తెచ్చారా, నేనే తీసుకుంటాను."

"తేకపోతే?"

"నా చేతిలో ఏముంది పెద్దమ్మా." అతను చెప్పులు చూసుకుంటూ లోపలికి పోయాడు.

అప్పటిదాకా చెట్టు నీడన పికప్ బండిలో కూర్చున్న ఏజెంట్ వితూన్ దిగి వచ్చాడు. చేతికి బంగారు గొలుసు, నోట్లో పుల్ల.

"అమ్మా, మీకెందుకీ తిప్పలు. ముఖాలు తిరగని మిషను నా దగ్గరుంది. ఇరవై అయిదు వేలు. చేతిలో లేకపోతే ఖాతాలోంచి తీయండి. సాయంత్రానికి నేనే మళ్లీ వేస్తాను. ఎవడు చూస్తాడు?"

కికుయే చేయి సంచీలో బ్యాంకు పుస్తకం కోసం వెతకబోయింది. లామ్దువన్ ఆ చేతిని సంచీతో సహా పట్టుకుంది.

"చూడక్కా, ఇవాళ ఒక్క బాట్ తీసినా ఈ రెండు నెలలూ గంగపాలే. పొద్దున వంద వేశారు, తేదీ పడింది. ఇప్పుడు తీస్తే అదీ పడుతుంది. ఒరేయ్ వితూన్, పోయినేడాది ఆ ఫ్రెంచి తాతని ఇలాగే ముంచావు. ముసలివాళ్ల అన్నంలో చేయి పెడుతున్నావు, నీకు అరుగుతోందట్రా?"

"నీకేంటే ముసలీ, బాట్‌కో కాపీ అమ్ముకునేదానివి," అని వితూన్ నవ్వుతూ పికప్ వైపు నడిచాడు.

లామ్దువన్ అతన్ని పట్టించుకోలేదు. కాపీని మిషను ఇచ్చినది ఇచ్చినట్టే పట్టుకుని, ముఖం చూస్తున్న వైపు తానూ చూసింది. నూడుల్స్ బండి అటు లేదు, జపాన్ కూడా అటు లేదు. అటుపక్క ఉన్నది వంతెన.

"మీ గది ఎక్కడక్కా?"

"వంతెన దాటి, బియ్యం కొట్టు వెనక."

"గదిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు." జవాబు వెంటనే వచ్చింది. మామూలుగా ఆవిడ ఒక్కో మాటా ఏరుకుంటుంది. ఈసారి ఏరుకోలేదు.

పదకొండు గంటల వేళ లామ్దువన్ మిషను మీద పట్టా కప్పింది. ఇరవై రెండేళ్లలో ఆ వేళకి ఎప్పుడూ కప్పలేదు. నూడుల్స్ బండి ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడి చూసింది. కికుయేని మోటారు సైకిలు వెనక ఎక్కించుకుని లామ్దువన్ వంతెన దాటింది.

గది శుభ్రంగా ఉంది. చాప, చిన్న బల్ల, బట్టల అలమరా. కికుయే అలమరా ముందుకి వచ్చి అడ్డంగా నిలబడింది. తర్వాత తానే పక్కకి జరిగి తలుపు తీసింది. మడతపెట్టిన స్వెటర్ల మధ్య ఒక పింగాణీ జాడీ ఉంది. దాని మీద లాంపాంగ్ కుండలన్నిటి మీదా వేసే కోడిపుంజు బొమ్మ, కాకపోతే తోక వంకర. జాడీ ముందు చిన్న గిన్నెలో అన్నం, పక్కన గ్లాసుతో నీళ్లు.

"మా ఆయన," అంది కికుయే. "షోజో. ఇక్కడి కుండల ఫ్యాక్టరీలో బట్టీ పెట్టడానికి వచ్చి మూడేళ్లు ఉన్నాడు. ఈ జాడీ తనే చేసుకున్నాడు. పింఛను రాగానే ఇద్దరం లాంపాంగ్ పోదాం అని ప్రతి చలికాలం మంచు ఎత్తిపోస్తూ అనేవాడు. పింఛను వచ్చింది. ఆయన నాలుగు నెలలు కూడా ఉండలేదు."

"అస్థికలు అక్కడే పెట్టి రాలేకపోయారా?"

"మా దగ్గర ఇంటిపేరుకో సమాధి ఉంటుంది చెల్లెమ్మా. చూసుకునేవాళ్లు లేకపోతే తీయించేయాలి. పూజారికి చెప్పి, రాళ్ల మేస్త్రీకి డబ్బిచ్చి తీయించాను. అత్తమామల్ని గుడిలో అందరితో కలిపి పెట్టారు. ఈయన్ని ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. ఇక్కడ దయ్యాలంటే భయపడతారని పుస్తకంలో చదివాను. ఇంటావిడ గది ఖాళీ చేయమంటుందేమోనని, ఊరగాయ అని చెప్పాను."

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. తడి బట్టల బుట్టతో ఇంటావిడ.

"రోజూ పొద్దున్నే ఊరగాయకి అన్నం పెట్టేవాళ్లని నేనెక్కడా చూడలేదమ్మా," అంది ఆవిడ. "మొదటి వారమే తెలిసింది నాకు. మీరు బజారుకి పోయినప్పుడు నేనూ ఒక దణ్ణం పెట్టి పోతున్నాను. అంత చీకట్లో పెట్టారేంటి పాపం, ఆయనకి ఉక్కపోయదూ?"

కికుయే చాప మీద మోకాళ్లూనింది. చేతులు నేల మీద ఆనించి, నేలకి నుదురు ఆనేలా ఆ ఇంటావిడకి వంగి దణ్ణం పెట్టింది. ఇంటావిడ కంగారుపడి బుట్ట కింద పెట్టేసి తానూ వంగింది.

"అది తర్వాత చేసుకుందురు," అంది లామ్దువన్. "పన్నెండు కావస్తోంది. మొగుణ్ణి అలమరాలో దాచుకుని ముఖం తిన్నగా పెట్టమంటే ఎలా పెడతారక్కా? పదండి గుడికి."

గుడి ప్రహరీ గోడ నిండా గూళ్లు. ఒక్కో గూడులో ఒక్కో ఇంటివాళ్ల అస్థికలు, మీద ఫొటో, పేరు. ఆ లెక్కలు చూసేది ఇంతా అనే ముసలి తాత. ఎనభై దాటాయి. గొంతు మాత్రం తగ్గలేదు.

"గూటికి పన్నెండు వేలు. కమిటీ పెట్టిన రేటు. నేను తగ్గించలేను."

కికుయే పర్సు తెరిచింది. వీసా రుసుముకి పంతొమ్మిది వందలు, ఇంకో ఆరు వందలు. జపాన్ పింఛను రెండు నెలలకోసారి వస్తుంది. ఇంకా పదకొండు రోజులుంది. బ్యాంకులో ఎనిమిది లక్షలున్నాయి, ముట్టుకోవడానికి లేదు. అంత డబ్బున్న మనిషి గుడి అరుగు మీద ఒళ్లో జాడీ పెట్టుకుని బిచ్చగత్తెలా కూర్చుంది. అలాంటి రూలు రాసినవాణ్ణి తీసుకొచ్చి ఆ అరుగు మీద ఒక్క గంట కూర్చోబెట్టాలి.

లామ్దువన్ గోడ వెంట అటూ ఇటూ నడిచింది. మూల దగ్గర, వేపచెట్టు నీడ పడే చోట, పక్కపక్కన రెండు ఖాళీ గూళ్లు. రెండూ ఆమెవే. ఏడేళ్లు వాయిదాలు కట్టింది. ఒకటి తనకి, ఒకటి బుంతిన్‌కి. బుంతిన్ ఆమె మొగుడు. పంతొమ్మిదేళ్ల కిందట ఉల్లిపాయల లారీతో ఖోన్ కేన్ పోయి, అక్కడ ఒకామెతో కాపురం పెట్టి, మళ్లీ రాలేదు. ఉత్తరం లేదు, ఫోను లేదు. అయినా ఆమె రెండు గూళ్లకీ కట్టింది.

"ఎందుకు కట్టావే అప్పుడు? నేను వద్దన్నా," అన్నాడు ఇంతా తాత, ఆమె ఎక్కడ నిలబడిందో చూసి.

"బతికుండగా రాకపోతే మానె, చచ్చాకైనా ఇంటికి రావాలిగా అని."

"వస్తాడా?"

ఆమె కుడిపక్క గూడులోకి చేయి పెట్టి లోపల తడిమింది. ఎండుటాకులు, సాలెగూడు, చచ్చిన పురుగు. భుజం మీది తువ్వాలుతో అంతా తుడిచింది. మూలల్లో వేలు పెట్టి మరీ తుడిచింది. చాలాసేపు తుడిచింది. ఇక తుడవడానికి ఏమీ మిగల్లేదని ఆమెకీ తెలుసు.

"తాతా, ఈ గూడు షోజో గారి పేర రాయి. డబ్బు నాకు ముట్టినట్టే."

"అది మీ ఆయనది కదా," అంది కికుయే లేచి నిలబడి. "వద్దు చెల్లెమ్మా. పింఛను వచ్చాక..."

"పింఛను వచ్చేసరికి మిమ్మల్ని విమానం ఎక్కిస్తారు. తీసుకోండక్కా. మీ ఆయన తాగేవాడా?"

"పండగలకి కొంచెం."

"గురక?"

"పెద్దగానే పెట్టేవాడు."

"పర్లేదు, అలవాటే. రేపు నేను పోయాక పక్కన పడుకోవాల్సినదాన్ని. అడిగి పెట్టుకోవాలి కదా."

"మరి నేను?" అంది కికుయే.

"గూడు లోపల మూరెడు లోతుంది. మీరూ ఒక చిన్న జాడీ చేయించుకోండి. సర్దుకుందాం ముగ్గురం."

ఇద్దరు భిక్షువులు వచ్చి కాసేపు మంత్రాలు చదివారు. మేస్త్రీ సిమెంటు కలిపాడు. జాడీని గూట్లో పెట్టేటప్పుడు వంకర తోక కోడిపుంజు బయటికి కనపడేట్టు కికుయే దాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుంది. పలక మూశాక దాని మీద అరచేయి ఆనించి జపాన్ భాషలో ఏదో చెప్పింది. ఎవరూ అర్థం అడగలేదు.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మూడున్నర. ఎండకి మిషను వేడెక్కి ఉంది. లామ్దువన్ పట్టా లాగేసి, పాస్‌పోర్టు అద్దం మీద పెట్టి మూత వేసింది. కాగితం నెమ్మదిగా బయటికొచ్చింది. కికుయే ముఖం తిన్నగా చూస్తోంది. కళ్లు వాచి ఉన్నాయి, నుదుటి మీద సిమెంటు దుమ్ము చుక్క కూడా వచ్చింది, కానీ తిన్నగా చూస్తోంది.

"సంతకం. నీలం పెన్ను," అంది లామ్దువన్.

నాలుగింటికి కికుయే తిరిగొచ్చింది. వచ్చే ఏడాది దాకా అనుమతి ఉన్న ముద్ర పేజీ తెరిచి లామ్దువన్ కళ్లముందు పెట్టింది. లామ్దువన్ కళ్లద్దాలు సర్దుకుని తేదీ చదివింది, అక్షరాలు చదివింది. ఆఫీసుని నమ్మకపోవడం ఆమెకి అలవాటు.

"బాగానే కొట్టారు. కూర్చోండి, ఏమైనా తినండి."

కికుయే నూడుల్స్ గిన్నె తెచ్చుకుని ఎడమపక్క స్టూలు మీద కూర్చుంది. అడగకుండానే, పొద్దున పాడైన కాగితాలని వెనకవైపు తెల్లగా ఉన్నవీ లేనివీ వేరుచేసి కట్టలు కట్టడం మొదలుపెట్టింది.

గూడు పేరు మార్చడానికి గుర్తింపు కార్డు కాపీ మీద సంతకం చేసి సాయంత్రానికి పంపమన్నాడు ఇంతా తాత. లామ్దువన్ కార్డు తీసి మిషను అద్దం మీద పెట్టింది. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి ఇక్కడ తన కార్డు కాపీ తీసుకుంది. ముఖం ఖోన్ కేన్ వైపు తిరిగి వచ్చింది. అప్పటినుంచీ తనకి కాపీ కావాలంటే బస్టాండు కొట్టులో రెండు బాట్ ఇచ్చి తీయించుకునేది. ఇప్పుడు బస్టాండు దాకా పోయే ఓపిక లేదు.

మూత వేసి బటన్ నొక్కింది. కాగితం వచ్చింది. ఖోన్ కేన్ వైపు లేదు. తిన్నగానూ లేదు. కాపీలో ఆమె ముఖం ఎడమకి తిరిగి, స్టూలు మీద కూర్చుని కాగితాలు వేరుచేస్తున్న మనిషి వైపు చూస్తోంది.

"బాగా రాలేదా? ఇంకోటి తీస్తావా?" అంది కికుయే నోట్లో నూడుల్స్‌తోనే.

"అక్కర్లేదక్కా," అంది లామ్దువన్. "గుడివాళ్లు ముఖాలు చూడరు."

కాగితం కింద నీలం పెన్నుతో పేరు రాసింది.