దొరసానికి పేనుకొరుకుడు

తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్లుగా కటింగ్ షాపు నడుపుతున్నాను, తల కనిపిస్తే చాలు, జబ్బు పేరు చెప్పేస్తాను. నేను కర్పూరం వేసి కాచే జుట్టు నూనె వీధివీధికీ తెలుసు. రోజూ అదే రాసుకునే నా నెత్తిన ఒక్క వెంట్రుక లేదని కూడా వీధివీధికీ తెలుసనుకోండి, అది వేరే సంగతి. అందుకే నూనె సీసాల పక్కన మా పిల్లి దొరసానిని కూర్చోబెట్టేవాణ్ణి. ఒళ్లంతా పట్టుకుచ్చులాంటి బొచ్చు. "ఇది నీ నూనె మహిమేనా?" అని ఎవరైనా అడిగితే అవుననేవాణ్ణి కాదు, కాదనేవాణ్ణీ కాదు.

అలాంటి దొరసానికి నడుం మీద రూపాయి బిళ్లంత బోడి మచ్చ పడింది. వారం తిరిగేసరికి తోక మొదలుదాకా పాకింది. గడ్డం గీయించుకోవడానికి వచ్చిన పోస్టుమాస్టరు గారు నురగలోంచే కిసుక్కున నవ్వారు.

"ఏమయ్యా, షాపులో నీకు తోడు దొరికినట్టుందే!"

నాకు ఒళ్లు మండిపోయింది.

"పేనుకొరుకుడండీ. నాలుగు రోజులు మన నూనె పట్టిస్తే సరి!"

మనుషులకు జుట్టు గుండ్రంగా ఊడితే అనే మాట అది. పిల్లులకు వస్తుందో రాదో ఎవడికి తెలుసు? నోట్లోంచి ఊడిపడింది, ఇక నేను వెనక్కి తీసుకుంటానా?

రెండు పూటలా పట్టించాను. దొరసాని నాకేసింది. మళ్లీ పట్టించాను. మూడోనాటికి ఒళ్లు ఎర్రగా కమిలి, తిండి ముట్టక, కుర్చీ కింద దూరి వణకడం మొదలుపెట్టింది. మా ఆవిడ నా చేతిలో సీసా లాక్కుంది.

"చాలించండి మీ వైద్యం! దానికేమైనా అయితే జన్మలో మీతో మాట్లాడను."

పిల్లిని తువాలులో చుట్టుకుని బయల్దేరింది. షాపు తలుపు కూడా వేయకుండా నేనూ వెనకాలే పరుగెత్తాను. నూనె గంగలో కలిసినా ఫరవాలేదు, దొరసాని బతికితే చాలనిపించింది.

పశువుల డాక్టరమ్మ బొచ్చు పాయలు తీసి చూసింది. తామరేమోనని ఏదో నీలం దీపం వేసి చూసింది.

"తిండేమైనా మార్చారా? ఇంట్లోకి కొత్తవాళ్లెవరైనా వచ్చారా? బెంగ పెట్టుకున్నా ఇవి నాక్కుని నాక్కుని బొచ్చు ఊడగొట్టుకుంటాయి."

అన్నిటికీ మా ఆవిడ లేదంది. డాక్టరమ్మ సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి కాగితం మీద వేసింది. అవి ఎర్రగా కరిగాయి.

"చూశారా, రక్తం. బొచ్చులో గెంతే పురుగులు కుట్టి తాగిన రక్తమే వాటి రెట్టలో ఇలా రాలుతుంది. ఆ కాటు దీనికి పడలేదు, దురదకి నాక్కుంది. మెడ వెనక మందు చుక్కలు వేస్తే తగ్గిపోయేది. మరి ఈ కమలడమేంటి? ఒళ్లంతా కర్పూరం వాసన! పిల్లులకి కర్పూరం విషమండీ. రాసిన మహానుభావుడెవరు?"

మా ఆవిడ పైకప్పు కేసి చూస్తూ నిలబడింది.

"నేనేనండీ," అన్నాను. "బతుకుతుందా?"

"కడిగేసి సెలైన్ పెడతాను. రెండు రోజులు ఇక్కడే ఉండనివ్వండి."

ఆ రెండు రోజులూ నా ధ్యాసంతా దొరసాని మీదే. పోస్టుమాస్టరు గారికి ఒక చెంపన జుట్టు పొడుగ్గా, ఒక చెంపన పొట్టిగా కత్తిరించి పంపాను. మూడోనాడు దొరసాని మెడకు గరాటాలాంటి పట్టీతో ఇంటికొచ్చి పాలగిన్నె ఖాళీ చేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను.

రెండు నెలలకు బొచ్చు మునుపటికంటే ఒత్తుగా మొలిచింది. పోస్టుమాస్టరు గారు కళ్లద్దాలు సర్దుకుని మరీ చూశారు.

"అబ్బో! నీ నూనె మామూలుది కాదయ్యా. రెండు సీసాలు కట్టు."

షాపులో ఉన్నవాళ్లంతా చెవులు రిక్కించారు. నేను నోరు మూసుకుంటే చాలు, సీసాలన్నీ ఆ పూటే ఖాళీ. పొద్దున నూనె కాచిన చేత్తోనే దొరసానిని నిమరబోయాను. అది వాసన చూసి, భయంగా వెనక్కి జరిగింది.

"అది మొలిచింది నేను రాసినందుకు కాదండీ," అన్నాను. "రాయడం మానేసినందుకు."

పోస్టుమాస్టరు గారు నా నున్నటి గుండును కాసేపు పరీక్షగా చూశారు.

"మరి నువ్వు కూడా మానేసి చూడరాదటయ్యా?"