ఓనరు పేరు

సాలూరులో థామస్ ఇరవయ్యేళ్లుగా లారీ తోలుతున్నాడు గానీ, ఏ బండి తలుపు మీదా అతని పేరు లేదు. దారిలో ఎవరైనా బండి ఎవరిదని అడిగితే ఓనరు పేరు చెప్పడమే. అలా ముగ్గురు ఓనర్ల పేర్లు చెప్పాడు. ఆ ముగ్గురూ ఏదో ఒకరోజు తాళంచెవి లాక్కుని అతన్ని బండి దింపేసినవాళ్లే. అందుకే ఊరి చివర లేఅవుట్లో కొత్తగా కట్టిన రెండు గదుల ఇల్లు చూసినప్పుడు అతను నీళ్ల సంగతి అడగలేదు. గుమ్మం మీద పేరు రాయడానికి జాగా ఉందా అని అడిగాడు.

అది 2018. మొదటిసారి ఇల్లు కొనుక్కునేవాళ్లకి ప్రభుత్వం బ్యాంకు వడ్డీలో రాయితీ ఇస్తోంది. ఆ రాయితీ లేకపోతే థామస్‌కి ఆ ఇల్లు అందని ద్రాక్షే. బ్యాంకు ఆఫీసరు కాగితాలన్నీ తిరగేసి, ఈ రాయితీ రావాలంటే దస్తావేజులో మీ ఆవిడ పేరు ఉండి తీరాలి, పక్కన కావాలంటే మీదీ పెట్టుకోవచ్చు అన్నాడు.

పక్కన! ఇన్నేళ్లు స్టీరింగు పట్టినవాణ్ణి క్లీనరు సీట్లో కూర్చోమంటే ఎలా ఉంటుంది? పెడితే ఆవిడ పేరొక్కటే పెట్టండి అని విసురుగా లేచి వచ్చేశాడు. ఆ కోపం ఆఫీసరు మీద చూపలేక, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, వారం రోజులు భార్య రూబీ వండిన కూరలకి వంకలు పెట్టాడు. హాస్టల్లో రెండు వందలమంది పిల్లలకి వండిపెట్టే మనిషి ఆమె, వంకలకి బెదురుతుందా? నవ్వుకుని ఊరుకుంది. రిజిస్ట్రేషను ఆమె పేరునే అయిపోయింది.

గృహప్రతిష్ఠ నాడు పాస్టరుగారి ప్రార్థన ముగిసింది. లారీల మీద పేర్లు రాసే సోములు రంగుడబ్బా పట్టుకుని గుమ్మం ముందు నిచ్చెనెక్కి, ఏం రాయమంటారని అడిగాడు. థామస్ నేలచూపులు చూశాడు. పులుసు కలుపుతున్న రూబీ తడిచేతులతోనే బయటికొచ్చింది.

"కాయితం మీద నా పేరుంటే సాలు సోములన్నా. గుమ్మం మీద మా మావ పేరు రాయి. పెద్దక్షరాలు రాయి, రోడ్డు మీదకి కనబడాల."

థామస్ గుమ్మం మీది ఖాళీ జాగా వైపు చూశాడు. ఇరవయ్యేళ్ల ఆశ అది. తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని, నిచ్చెన పట్టుకున్నాడు.

"వద్దొరే సోములూ. ఓనరు పేరే రాయి," అన్నాడు. "ఈ ఓనరు నన్ను బండి దింపదు."

"సూద్దాంలే," అని రూబీ పులుసు దగ్గరికి వెళ్లిపోయింది.