సమాధానం ఇవ్వబడింది

అంతరిక్ష సంస్థ పరిపాలనా భవనంలో, రెండో అంతస్తు చివరి గదిలో, మూడు చెక్కపెట్టెలు ఉండేవి. ప్రజలు రాసే ఉత్తరాలలో ప్రశ్నలు మొదటి పెట్టెకూ, వినతులు రెండోదానికీ, తిట్లు మూడోదానికీ చేరేవి. ప్రశ్నకు వారంలోగా జవాబు వెళ్లాలి. వినతిని సంబంధిత శాఖకు పంపాలి. తిట్లను ఏడాదిపాటు దాచి చించెయ్యాలి. ఒక ఉత్తరానికి ఒకటే పెట్టె అన్నది అక్కడ తిరుగులేని నియమం. జవాబుల గుమాస్తా పంతొమ్మిదేళ్లుగా ఆ నియమాన్ని కంటికి రెప్పలా కాపాడుతూ వచ్చాడు.

ప్రజల సొమ్మును ఆకాశంలో ఎందుకు తగలేస్తున్నారు అన్న ప్రశ్నకు ఆమోదం పొందిన జవాబును రాసినది కూడా అతనే. మూడు పేరాలు. అందులో ఒక్క మాట మార్చాలన్నా కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే ఆరు నెలలు. ఆ మూడు పేరాలూ అతను నమ్మే రాశాడు. సుదూర గ్రహాన్ని చేరిన యంత్రం నుంచి మొదటి సంకేతం అందిన రోజున మెట్లమీద కూలబడి, చేతిరుమాలులో ముఖం దాచుకుని ఏడ్చిన మనిషి అతను.

ఆ మంగళవారం వచ్చిన కట్టలో నాలుగో కవరు మీది దస్తూరీ చూడగానే అతని చెయ్యి ఆగిపోయింది. నట్లు బిగించినట్టు ఒక్కొక్క అక్షరాన్నీ నొక్కి రాసిన రాత. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే అన్నయ్యది. తమ్ముడు ఆ ఆఫీసులో గుమాస్తా అని తెలుసు గానీ, జవాబులు రాసేది తనే అని అన్నయ్యకు తెలియదు.

“అయ్యా, నా భార్యకు గొంతులో కాన్సర్. ప్రభుత్వాసుపత్రిలో ముప్పైసార్లు రేడియేషన్ పెట్టాలన్నారు. పద్దెనిమిది అయ్యాక యంత్రం ఆగిపోయింది. ఇరవై ఆరు రోజులైంది. ఇలా మధ్యలో ఆగితే పెట్టినది కూడా వృథా అని డాక్టరుగారే చెప్పారు. సామాను కొనడానికి నిధులు లేవట. ఆరోగ్య శాఖకు మూడుసార్లు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. మీరు వచ్చే నెలలో ఇంకో రాకెట్టు పంపుతున్నారని పేపర్లో చదివాను. ఎక్కడో దుమ్ము కొలవడానికట. మా డిపోలో బస్సు ఆగితే పూటలో లేపుతాం. దుమ్ము ఎక్కడికీ పోదు కదా. నా భార్య పోతుంది. ఈ సంగతి మీలో ఎవరికైనా తట్టిందా? దయచేసి ఆ సామాను ఇప్పించండి. సిగ్గుండాలి.”

అతను రెండుసార్లు చదివాడు. ప్రశ్న ఉంది, వినతి ఉంది, తిట్టూ ఉంది.

“ఏంటి గురువుగారూ, అంతసేపు చదువుతున్నారు? ప్రేమలేఖా?” అన్నాడు ఎదుటి బల్ల దగ్గరి సూపరింటెండెంటు.

“తెలిసినవాళ్ల రాతండీ. ఏ పెట్టెలో వెయ్యాలో తేలడం లేదు.”

“చివర్న ఏముంది?”

“తిట్టు.”

“అయితే హాయి. పనే లేదు.”

“ముందు ప్రశ్న ఉందండీ. జబ్బు మనిషి సంగతి.”

సూపరింటెండెంటు కళ్లజోడు తీశాడు. “అయితే జవాబు పంపెయ్యండి. అంతకన్నా మనం చెయ్యగలిగిందేముంది? రేపు రాకెట్టు ఆపేశారనుకోండి, ఆ డబ్బు ఆసుపత్రికి వెళ్తుందా? ఆ పద్దు వేరు, ఈ పద్దు వేరు.”

ఆ మాట నిజమే. నిజం కావడం వల్లనే దానితో ఏం చెయ్యాలో అతనికి పాలుపోలేదు. మూడు పేరాల జవాబు తీసి, చిరునామా రాసి, కవరు అంటించాడు. తరువాత పంతొమ్మిదేళ్లలో మొదటిసారి నియమం తప్పాడు. అన్నయ్య ఉత్తరానికి నకలు తీసి, ‘అత్యవసరం’ అని రాసి, వినతుల సంచిలో ఆరోగ్య శాఖకు పంపాడు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఏదో దొంగతనం చేసి దొరక్కుండా బయటపడ్డవాడిలా ఒళ్లు తేలికపడింది.

పదకొండు రోజుల తరువాత, శనివారం, ఆ నకలు తిరిగి అతని బల్లమీదికే వచ్చింది. దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ మీద ఇలా ఉంది: “ఈ ఉత్తరానికి మీ కార్యాలయం ఇదివరకే సమాధానం ఇచ్చినట్లు ముద్ర ఉన్నందున, తదుపరి చర్య అవసరం లేదని ముగించడమైనది.”

అతను నకలు పైమూల చూశాడు. ‘సమాధానం ఇవ్వబడింది.’ జవాబు కవరులో పెట్టగానే ఉత్తరం మీద ఆ ముద్ర కొట్టడం అతని చేతికి అలవాటు. నకలు తీయకముందే చెయ్యి తన పని తాను చేసేసింది.

“దీన్ని మళ్లీ తెరిపించలేమాండీ?” అని అడిగాడు.

సూపరింటెండెంటు చీటీ చదివి మెల్లగా తిరిగిచ్చాడు. “ముగించినవాటిని తెరిచే పెట్టె మన దగ్గర లేదు గురువుగారూ.”

ఆదివారం ఉదయం చొక్కా జేబులో ఆ చీటీతో అతను అన్నయ్య ఇంటికి వెళ్లాడు. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్క మంచంమీద వదిన దిండ్లకు ఆనుకుని కూర్చుంది. మాట పెగలడం మానేశాక ఆమె ఒడిలో పలకా బలపం ఉంటున్నాయి. చిన్నప్పుడు అతని చేత రోజుకో పేజీ రాయించి, వంకరపోయిన వాక్యాలను అలాంటి బలపంతోనే దిద్దిన మనిషి.

“నీకు చెప్పకుండా ఒక పని చేశాన్రా,” అన్నాడు అన్నయ్య. “మీ ఆఫీసుకు ఉత్తరం రాశా. నీ ఉద్యోగానికి ఎసరొస్తుందేమోనని నీతో అనలేదు.”

“ఏమన్నారు?”

“వారంలో జవాబిచ్చార్రా. ఆ ఆరోగ్యశాఖ వాళ్లకన్నా మీవాళ్లే నయం. విను.”

నూనె మరకల వేళ్లతో కాగితం విప్పి, తడుముకుంటూ చదివాడు. మొదటి పేరా, తుపాను హెచ్చరికలు. రెండోది, విజ్ఞానం. మూడోదానికి వచ్చాడు: “ఆకలి వేస్తున్నప్పుడు కూడా పిల్లలు చుక్కలు లెక్కపెడతారు...”

వదిన వేలెత్తింది. ఆ వాక్యం మళ్లీ చదవమని సైగ చేసింది. అన్నయ్య చదివాడు.

“ఎవడో బాగా చదువుకున్నవాడే రాశాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. లోపల మనిషే లేడు,” అన్నాడు కాగితం మడుస్తూ. “ఎవర్రా ఇవి రాసేది? నీకు తెలుసా?”

“పెద్ద సెక్షన్ అన్నయ్యా. చాలామంది ఉంటారు.”

వదిన పలకమీద ఏదో రాసి, మొగుడికి కనబడకుండా మరిదివైపు తిప్పింది.

“వంట అయ్యేదాకా లెక్కపెట్టమని డాబా మీద కూర్చోబెడితే, నూట పన్నెండు దగ్గర నిద్రపోయేవాడివి.”

అతను చదివాడని తెలిశాక అరచేత్తో తుడిచేసింది. ఆమె ముఖంలో కోపం వెతికాడు, దొరకలేదు. దొరికితే కొంత తెరిపిగా ఉండేది. ఆమె మళ్లీ రాసి, ఈసారి ఇద్దరికీ చూపించింది. “ఇంకో ఉత్తరం రాయాలి. నేను చెప్తాను, నువ్వు రాయి.”

“మళ్లీ వాళ్లకేనా?” అన్నాడు అన్నయ్య. “వాళ్లేం చేస్తారే?”

“జవాబిచ్చేది వాళ్లొక్కళ్లే,” అని రాసి చూపించింది వదిన.

అతను కాగితం తీసుకుని మంచం అంచున కూర్చున్నాడు. జేబులో చీటీ తాలూకు గుండుసూది ఛాతీకి గుచ్చుకుంటోంది. వదిన పలక ఎత్తింది. “అయ్యా, మీ జవాబు బాగుంది.” అతను రాశాడు. ఆమె తుడిచి, చాలాసేపు బలపం పట్టుకుని ఆలోచించి, రెండో వాక్యం రాసింది. “ముప్పైలో ఇంకా పన్నెండు మిగిలాయి.”

అతను అదీ రాసి ఎదురుచూశాడు. ఆమె బలపం పక్కన పెట్టేసింది.

“అంతేనా?” అన్నాడు అన్నయ్య. “అడగాల్సింది అడగలేదు. కనీసం నాలుగు తిట్టనన్నా తిట్టలేదు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. కాగితం కిందిభాగంలో ఒత్తులు చెదరకుండా సంతకం చేసింది.

“రేపు పోస్టులో వేస్తాలే,” అని అన్నయ్య చెయ్యి చాచాడు.

“నేను వెళ్లే దారేగా. నేను వేస్తాను,” అన్నాడతను. కాగితం నాలుగు మడతలు పెట్టి, చీటీ ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు.

గుమ్మం దాకా వచ్చిన అన్నయ్య వెనకనుంచి పిలిచాడు. “ఒరేయ్, స్టాంపు సరిగ్గా అంటించు. లేకపోతే వెనక్కి తిప్పి పంపేస్తారు.”