మూడో పిలుపు

అయినా మూడోసారి పిలిస్తేనే పలకాలని ఒక మనిషి చిన్నప్పటినుంచీ నేర్చుకుని ఉంటే నా పరీక్ష ఏం కావాలి, హెడ్‌ఫోన్లో తన పేరు వినపడగానే మీట నొక్కాలి, తెరమీద ఎర్రచుక్క ఉంటే మాత్రం నొక్కకుండా ఆగాలి, అంతే కదా, చేయాలనిపించింది చేయకుండా ఆగగలగడం, దానికి మానసిక జబ్బుల పరిశోధకులం మేం పెట్టుకున్న పెద్ద పేరు కాగ్నిటివ్ కంట్రోల్, లేని గొంతులు వినపడే స్కిజోఫ్రెనియాలో ఈ పగ్గమే వదులవుతుందని నా వాదన, పొద్దున మదనపల్లె క్లినిక్కులో రోగి ఓబులప్ప ఎర్రచుక్క ఉన్నా లేకున్నా నొక్కేశాడు, జబ్బులేని మనిషి ఎలా చేస్తుందో పోల్చి చూద్దామని కూర్చోబెట్టిన వాళ్లక్క చౌడమ్మ మాత్రం తన పేరు రెండుసార్లు వినికూడా చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చుంది, యాలమ్మా ఒత్తలేదు అంటే, మనిషి అగుపడకుండా పిలిస్తే మూడోతూరికి గదమ్మా పలికేది, ఒగతూరి పిల్చేది మనిషో కాదో ఎవురికి తెల్సు అంది, తంబళ్లపల్లె పక్క గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి, మా చౌడేపల్లెలో మా అమ్మా అదే చెప్పేది, నేనే మరిచిపోయి పరీక్ష తయారుచేశాను, చౌడమ్మ ఫలితం పనికిరాదని పక్కన పెట్టేశాను.

కుప్పంలో ఇంటికి తిరిగి వెళ్తున్నాను, బస్సు పైన టమోటా పెట్టెలు కదులుతున్నాయి, పుంగనూరు ఇంకా రాలేదు, మూడోసారికే పలకాలని చెప్పిన అమ్మే నేను పదో తరగతిలో ఉండగా ఆవులకు గడ్డి వేస్తూ వస్తాండా, వస్తాండా అని ఎవరికో బదులు చెప్పడం మొదలుపెట్టింది, ఆడ ఎవురున్నారు రాజేశ్వరీ అని నాన్న అడిగితే అమ్మకు కోపం వచ్చేది, ఇప్పుడు నాకు దాదాపు అప్పటి అమ్మ వయసు, ఈ మధ్య నా వెనకనుంచి ఎవరో వసుధా అంటున్నారు, మగ గొంతు, కటువుగా ఏమీ ఉండదు, రోగి చెప్తే ఎలా వింటానో అలాగే వింటున్నాను, సాయంత్రాలు ల్యాప్‌టాప్ తెరిచి నా పరీక్ష నేనే రాసుకుంటున్నాను, ఒక్క తప్పు కూడా రావడం లేదు, అది చూసుకుని నిద్రపోతున్నాను, భరత్‌కి చెప్పలేదు, భర్తకు చెప్పాల్సినంత విషయం కాదనుకున్నాను.

పొద్దున క్లినిక్కులో పరీక్షలయ్యాక వైర్లు చుడుతుంటే ఓబులప్ప వచ్చి నిలబడ్డాడు, మా అక్క నాకూ నేర్పిందిలేమ్మా, కానీ నన్ను పిల్చేటోళ్లు మూడుతూర్లతో ఇడిసిపెట్టరు, పొద్దుగూకులూ పిలస్తానే ఉంటారు, మరేం జేస్తావప్పా అన్నాను, అక్కా నీకు ఇనబడిందా అని అడగతా, లేదురా అంటే గమ్మునుంటా, చౌడమ్మ నవ్వింది, నెత్తిన కడవ ఉన్న్యా అడగతాడమ్మా, చెప్పల్ల గదా, నేను తలూపి బస్సు టైమెంత అని అడిగాను, తమ్ముడి పరీక్షప్పుడు ఆమెను బయట బెంచీమీద కూర్చోమన్నది నేనే, అడగడానికి అక్క లేకుండా అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టి పగ్గం లేదని తేల్చాను.

పుంగనూరు బస్టాండులో డ్రైవరు ఇంజను ఆపి టీకి దిగాడు, వసుధా, వెనకనుంచే, తిరగలేదు, వసుధా, ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను, వసుధా, మూడోది, ఇక తిరగొచ్చు, తిరిగి చూస్తే వెనక అన్నీ ఖాళీ గంపలు, నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఒక ముసలాయన, నాకు భయమేసింది, నిజంగా భయమేసింది, పక్కన కరివేపాకు కట్ట ఒళ్లో పెట్టుకున్న పెద్దామెను అడిగేశాను, అమ్మా, ఎవరో వసుధా అని పిలిచినట్టుంది, నీకు వినపడిందా, ఎవురూ పిల్చలేదే, నీ పేరా అది, బాగుండాది, ఇంజను గూడా ఆపినాడు గదా, పిలిచింటే నాకూ ఇనబడిండేది, అంటూ గుప్పెడు చెనక్కాయలు నా చేతిలో పోసింది, బస్సు కదిలింది, పలమనేరు దాటితే కుప్పం, ఇన్ని సాయంత్రాలు తప్పులేకుండా మీట నొక్కిన చెయ్యి చెప్పనిది ఒక్క మాట అడిగితే తెలిసింది, నాకూ జబ్బు వచ్చింది, దిగగానే భరత్‌కి చెప్పాలి, ఆ గొంతు మళ్లీ వినపడితే నీకూ వినపడిందా అని అతన్నే అడగాలి, అతను లేదంటే నమ్మాలి.