ఐసా మర్యాద చేసిన రోజు

ఐసా మెల్డ్రమ్ నోటికి జడిసి పిట్‌కార్రీ ఊళ్ళో రొట్టె కొనడం మానేసిన వాళ్ళు ఒక్కరూ లేరు. పొద్దున్నే ఆవిడ చేత నాలుగు మాటలు పడితేగానీ తిన్నది ఒంటబట్టదనుకునే వాళ్ళే ఎక్కువ. రేవు నుంచి పైకెక్కే వీధి మలుపులో ఉన్న బేకరీలో ఆవిడ ముప్ఫై ఒక్కేళ్ళుగా కౌంటరు వెనక నిలబడుతోంది. పాస్టరు గారు వస్తే, నిన్న మిగిలిన ఎండు రొట్టె ఇమ్మంటారా, మీ ప్రసంగానికి సరిజోడు అంటుంది. రేవు గుమాస్తా కొత్తగా జుట్టు కత్తిరించుకుని వస్తే, ఆ కత్తెర గొర్రెలది కాదు కదా అని ఆరా తీస్తుంది. ఎవర్నైనా వారం రోజులపాటు ఏమీ అనలేదంటే, ఆ మనిషి ఇంటికి పోయి, ఐసాకి నా మీద కోపమొచ్చే పని ఏం చేశానా అని దిగులు పెట్టుకుంటాడు.

ఈ ఊరి పొగరే అంత. మంచి మాటలంటూ కొన్ని ఉన్నాయని తెలుసు, వాటిని డాక్టరు కోసం, పన్నులాఫీసు వాళ్ళ కోసం, వేసవిలో వచ్చే టూరిస్టుల కోసం దాచిపెట్టుకుంటారు. సొంత మనుషుల మీద వాడి పాడుచేసుకోరు. ఒకసారి సరిహద్దు అవతల ఇంగ్లండు నుంచి కారులో దిగిన పెద్దమనిషి ఒకాయన ఐసా దుకాణంలోకి వచ్చాడు. దయచేసి అన్నాడు, థాంక్స్ అన్నాడు, ఫోనులోంచి మాత్రం తల ఎత్తలేదు. ఏం కావాలో కారు తాళంతో చూపించాడు. వెళ్తూ వెళ్తూ, ఇక్కడి వాళ్ళకి మాట్లాడ్డం నేర్పినట్టు లేదని పెళ్ళాంతో అన్నాడు, అందరికీ వినబడేలా. వెనక నిలబడ్డ వాటీ ఇమ్రీ తాపీగా, "పర్లేదు లెండి సార్, మీకు చూడ్డం నేర్పలేదు, చెల్లుకి చెల్లు" అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక ఐసా వైపు తిరిగి, "ఆయనన్నదీ నిజమే. నీకు మాట్లాడ్డం చేతకాదు. కానీ ఆ మాట అనాల్సింది మేము" అన్నాడు.

వాటీకి డెబ్బై నాలుగేళ్ళు. చెక్క పడవలు కట్టినవాడు. రేవులో ఇప్పుడు చెక్క పడవ ఒక్కటే ఉంది, అదీ ఎవరో గోడకి ఆనించి అందులో పూల మొక్కలు పెంచుతున్నారు. రోజూ ఎనిమిదింటికి వచ్చి బాగా మాడిన రోల్స్ రెండు, కజ్జికాయలా మడిచి లోపల మాంసం కూరిన బ్రైడీ ఒకటి పట్టుకెళ్ళేవాడు. తలుపు గంట మోగగానే ఐసా తల ఎత్తకుండానే, "ఇంకా చావలేదా నువ్వు?" అనేది. "నీ రొట్టెలు తినే బతికున్నానంటే ఇక నన్నేదీ చంపలేదు" అనేవాడు. అది వాళ్ళ గుడ్ మార్నింగ్.

తొమ్మిదేళ్ళ కిందట ఐసా మొగుడు డేవీ పోయాడు. వంటింట్లో టీ కలుపుతూ కలుపుతూ పడిపోయాడు. రెండు వారాల తర్వాత ఆవిడ తిరిగి కౌంటరు వెనక్కి వచ్చింది. ఊరు ఊరంతా మెత్తబడిపోయింది. ఎలా ఉన్నావమ్మా అనేవాళ్ళు, చేతి మీద చెయ్యి వేసేవాళ్ళు, ఆవిడ చిల్లర తప్పు ఇస్తే నోరెత్తకుండా తీసుకునేవాళ్ళు. తనూ డేవీతో పాటే పోయిందేమో, ఎవరూ చెప్పడం లేదేమో అనిపించేది ఐసాకి. మూడో వారంలో వాటీ వచ్చి, ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, "ఐసా, నీ మొహం వారం కిందటి చేపలా ఉంది. ఆ మొహంతో అమ్మితే పందులు కూడా కొనవు" అన్నాడు. ఐసా చేతికందిన రోల్ తీసి అతని మీదికి విసిరింది. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి, పిండి బస్తాల మధ్య కూర్చుని, ఏడుస్తూ నవ్వింది. ఆ రోజు నుంచే తను మళ్ళీ మనుషుల్లో పడ్డానని ఆవిడ లెక్క. ఆ మాట వాటీకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకునే ఊరు కాదు కదా ఇది.

వాటీకి జబ్బు అని నెటా ప్రైడ్ చెప్పింది. నెటా మొగుడు అతన్ని మూడుసార్లు పెద్దాసుపత్రికి తన కారులో తీసుకెళ్ళాడు. కాలేయమట, చెయ్యడానికేం లేదట, ఆకులు రాలే దాకా ఉంటే ఎక్కువట. వాటీ ఎవరికీ చెప్పొద్దన్నాడు, అందుకని నెటా గొంతు తగ్గించి చెప్పింది. అప్పటికే డామినో క్లబ్బులో అందరికీ తెలిసిపోయింది. అక్కడి మొగాళ్ళు, నలభై ఏళ్ళుగా ఒకర్నొకరు దొంగా, గుడ్డోడా అనుకుంటూ ఆడేవాళ్ళు, అతన్ని మంచి కుర్చీలో కూర్చోబెట్టి వరసగా నాలుగు ఆటలు ఓడిపోయారట. వాటీ బిళ్ళలన్నీ బల్ల మీద బోర్లించి, కోటు వేసుకుని వెళ్ళిపోయాడట. మళ్ళీ క్లబ్బు గడప తొక్కలేదు.

అది విని ఐసా మండిపడింది. మనిషి నడుస్తూ ఉండగానే మన్ను కప్పేస్తారా, బుద్ధిలేని వెధవలు అంది. తను మాత్రం చచ్చినా ఆ పని చెయ్యనంది. అతనికి ఇంక మిగిలింది నా దుకాణం ఒక్కటే, ఇక్కడ తిట్లకి లోటుండదు అని నెటాతో ఒట్టు వేసినంత గట్టిగా చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా ఆ మాట మీదే ఉంది.

ఆ దుకాణంలో క్యూ గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఎవరైనా సరే వంతు వచ్చేదాకా నిలబడాల్సిందే. పాస్టరు గారు శవపేటిక గుమ్మంలో పెట్టించి వచ్చినా అంతే. నొప్పులు మొదలైన ఆడమనిషి ఒకామె గోడకి ఆనుకుని నిలబడి, తన వంతుకి రోల్స్ కొనుక్కుని, అప్పుడు ఆస్పత్రికి వెళ్ళిందని కూడా చెబుతారు. కోతలే కావచ్చు. కానీ ఊరు దాన్ని గొప్పగా చెప్పుకుంటుంది, ఐసా ఇంకా గొప్పగా చెప్పుకుంటుంది.

మర్నాడు చినుకులు పడుతున్నాయి. ఎనిమిదింటికి క్యూ తలుపు దాకా ఉంది. ఐసా కిటికీ అద్దంలోంచి చూసింది. వాటీ వీధి ఎక్కుతున్నాడు. ఎప్పుడూ జేబుల్లో ఉండే చేతులు ఆ రోజు వీధి పక్క ఇనప కమ్మీని పట్టుకుని ఉన్నాయి. నాలుగడుగులు వేస్తున్నాడు, ఆగుతున్నాడు, ఆగినప్పుడు సముద్రం చూడ్డానికే ఆగినట్టు అటు తిరుగుతున్నాడు. కోటు భుజాల మీద నుంచి జారుతోంది. గంట మోగింది. అతను లోపలికొచ్చి క్యూ చివర నిలబడి, రోజూ లాగే ఎదురుచూశాడు.

ఐసా నోరు తెరిచింది. ముప్ఫై ఏళ్ళు అలవోకగా వచ్చిన "ఇంకా చావలేదా" రాలేదు. బదులుగా, తన గొంతే అని తనకే నమ్మబుద్ధి కానంత మెత్తగా, "వాటీని ముందుకి రానివ్వండమ్మా. పాపం, ఎంతసేపని నిలబడతాడు" అంది.

క్యూ రెండుగా చీలింది. అందరూ కిందికి చూశారు. ఐసా కౌంటరు పలక పైకెత్తి ఇవతలికి వచ్చేసింది, సంచి తనే పట్టుకుంది, మాడని రోల్స్ ఏరి వేసింది, కడుపుకి తేలిక అని. ఆపమని తన లోపల్నుంచే ఎవరో అరుస్తున్నారు, చేతులు ఆగడం లేదు. వాటీ క్యూ చివర్నే కదలకుండా నిలబడ్డాడు. మెల్లగా ఎర్రబడ్డాడు, మెడ నుంచి చెవుల దాకా. వెనక్కి తిరిగి వెళ్ళిపోతే అదీ నలుగురి నోళ్ళలో పడుతుంది. అందుకని నడిచాడు, అంతమంది మధ్య నుంచి, తల ఎత్తుకుని. డబ్బు కౌంటరు మీద పెట్టాడు, సంచి అందుకున్నాడు, "థాంక్స్" అన్నాడు. ఐసాతో ఆ మాట అనడం అదే మొదలు.

ఆ తర్వాత అతను రాలేదు. శుక్రవారం రాలేదు, శనివారం రాలేదు. ఐసా రెండు బాగా మాడిన రోల్స్ రోజూ పక్కన పెట్టి, మధ్యాహ్నం సీగల్స్‌కి వేసేది. క్లబ్బు వాళ్ళని తిట్టిన తిట్లన్నీ తిరిగి తనకే తగులుతున్నాయి. వాళ్ళు కనీసం ఆటలో ఓడిపోయి సరిపెట్టారు, తను నలుగురిలో నిలబెట్టి జాలి చూపించింది. ఆలోచించగా ఆలోచించగా ఒకటే దారి కనబడింది. ఇంటికి వెళ్ళాలి, అతన్ని చెడామడా తిట్టాలి. తిడితే సరిపోతుంది. ఒక్కసారి తిరిగి తిట్టాడంటే పాత లెక్కలోకి వచ్చేస్తారు ఇద్దరూ.

పదకొండో రోజున, ఆదివారం, బ్రైడీ ఒకటి కాగితంలో చుట్టుకుని బయల్దేరింది. దారంతా ఏమనాలో కూర్చుకుంది. తలుపు తీసింది నర్సు. హ్యారియట్ అని ఇంగ్లండు పిల్ల, ముప్ఫై ఏళ్ళుంటాయి, వేసవి నుంచే ఈ ప్రాంతంలో పని. ఐసాని మంచం దగ్గరికి తీసుకెళ్ళి, తను కిటికీ దగ్గర మందులు సర్దుకుంటూ నిలబడింది.

వాటీ పసుపు పచ్చగా, సగానికి సగం అయిపోయాడు. కళ్ళు మాత్రం పాతవే. ఐసా ఊపిరి పీల్చుకుంది.

"ఈ నైట్ డ్రెస్ ఎవరిది, మీ అమ్మమ్మదా?" అంది. "పని దొంగవని తెలుసు గానీ, పగటి పూట కూడా మంచం దిగనంత బద్ధకం ఉందనుకోలేదు. నువ్వు కట్టిన పడవలు రేవు దాటకముందే ఎందుకు మునిగాయో ఇప్పుడర్థమైంది."

కిటికీ దగ్గర సీసా చప్పుడైంది. నర్సు తెల్లబోయి చూస్తోంది. వాటీ నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. ఆవిడ చెప్పింది శ్రద్ధగా, చివరి దాకా విన్నాడు.

"బాగుంది" అన్నాడు. "దారంతా వల్లె వేసుకుంటూ వచ్చావా?"

ఐసా చేతిలోని బ్రైడీ పొట్లం ముడతలు సవరించింది.

"ఇదివరకు నీ నోటికి వచ్చేది ఐసా. ఇప్పుడు తెచ్చుకుంటున్నావు." కాసేపు ఆయాసపడ్డాడు. "నీ తప్పేం లేదులే. తెలిశాక ఎవరి వల్లా కాదు."

తన మీద కేకలేసినా బాగుండేదనిపించింది ఐసాకి. డేవీ పోయినప్పుడు నువ్వన్న మాటతోనే నేను బతికాను, నీకు నేను అది ఇవ్వలేకపోయాను అని చెబుదామనుకుంది. చెబితే అదీ జాలి కిందే పోతుంది. బ్రైడీ బల్ల మీద పెట్టింది. అతను దాని వైపు చూడలేదు.

"శ్రమపడి ఇంత దూరం వచ్చారు, చాలా థాంక్స్ మిసెస్ మెల్డ్రమ్" అన్నాడు వాటీ, పన్నులాఫీసు వాళ్ళతో మాట్లాడినట్టు, చాలా పద్ధతిగా. "వాన వచ్చేలా ఉంది, చీకటి పడకముందే ఇంటికి చేరండి. ఏయ్ దెయ్యం పిల్లా, ఆ సీసాలతో సంగీతం ఆపి ఆవిడకి తలుపు తియ్యి."

నర్సు మెట్ల దాకా వెంట వచ్చింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "మీరు అన్నేసి మాటలన్నా ఆయన మీతో ఎంత మర్యాదగా మాట్లాడారో చూశారా" అంది. "నన్ను మాత్రం వచ్చిన రోజు నుంచీ దెయ్యమంటారు, పిశాచమంటారు. నా సూప్ తాగితే రేవులో నీళ్ళే నయమంటారు. నేనేం తప్పు చేశానో తెలియడం లేదండీ. నేనంటే అస్సలు గిట్టదు ఆయనకి."

ఐసా ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"రేపు అలా అన్నాడంటే నువ్వూ అను" అంది. "ముసలి పీనుగా, నువ్వే వెళ్ళి రేవులో దూకు అను. ఏదైనా సరే, నీకు ఏది తోస్తే అది. ఊరుకోకు. ఒక్కసారి అను తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

హ్యారియట్ చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అయ్యో, నా వల్ల కాదండీ" అంది. "పాపం, ఇంకెన్ని రోజులుంటారని."

ఐసా తలకి స్కార్ఫ్ కట్టుకుని, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది.