లెక్కలోకి రాని నాలుగో అమ్మాయి

ఇన్వర్‌కార్గిల్ ఊళ్ళో, పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్ అంటే నోలీన్ టాపర్, నోలీన్ టాపర్ అంటే బౌల్స్ క్లబ్. ఇది నోలీన్ టాపర్ అభిప్రాయం. తన కూతురు టామ్సిన్ న్యూజిలాండ్ జట్టులో, ఓషియానియా పోటీల్లో, ఆస్ట్రేలియా మీద ఫైనల్లో సైకిల్ తొక్కబోతోందని ఊరంతా చాటింపు వేసి, సగం క్లబ్బుని తీసుకెళ్ళి ఒకే వరసలో కూర్చోబెట్టడానికి ఏర్పాటు చేసింది. ఆ పోటీకి వచ్చినవి రెండే జట్లని, ఫైనల్ చేరడానికి వేళకి నిద్ర లేస్తే చాలని మాత్రం ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేదే. ఎవరూ అడగలేదు.

ముందురోజు సాయంత్రం భోజనాల దగ్గర పిడుగు పడింది.

"చివర్లో రెండు రౌండ్లుండగా నేను తప్పుకుంటానమ్మా," అంది టామ్సిన్ బంగాళాదుంపలు వడ్డించుకుంటూ.

"తప్పుకోవడమేమిటే?"

"నలుగురం తొక్కుతాం కదా. మూడోదాని చక్రం గీత దాటితే అదే మా టైము. నాలుగోది లెక్కలోకి రాదు. అందుకని నేను ముందుండి, ఒంట్లో ఉన్నదంతా ఊడ్చేసి, ఇక చాలని వాలుగా ఉండే ట్రాక్ పై అంచుకి వెళ్ళిపోతాను. కోచ్ అలా చెప్పాడు."

"అందరి ముందూనా?"

"మరి చాటుగా ఎలా కుదురుతుంది?"

నోలీన్ ఫోర్కు కింద పెట్టింది. "బెవర్లీని పిలిచానే."

బెవర్లీ హాడన్ మనవరాలు ఈతలో ఎప్పుడూ ఫస్టే. ఆ సంగతి తెలియని కుక్క కూడా ఆ వీధిలో లేదు.

"పోనీ, ఆ రెండు రౌండ్లూ వెనకాల మెల్లిగా రాకూడదూ? నిన్నెవరేమంటారు?"

"గంటకి అరవై కిలోమీటర్ల దగ్గర ఉంటామమ్మా. అందులో మెల్లిగా ఏమిటి?"

తెల్లారేసరికి నోలీన్‌కి ఉపాయం తట్టింది. గ్యాలరీలో చీజ్ రోల్స్ డబ్బా మూత తీసి, తలా ఒకటి చేతిలో పెట్టి, అందరి నోళ్ళూ నిండాయని చూసుకుని మొదలుపెట్టింది.

"ఈ ఆటలో గొప్పదల్లా మధ్యలో తప్పుకునేదే. మిగతావాళ్ళ కోసం గాలికి ఎదురెళ్ళి, ప్రాణం ధారపోసి, పేరు కూడా ఆశించకుండా వెళ్ళిపోతుంది. చివరిదాకా తొక్కడానికేముంది, ఎవరైనా తొక్కుతారు."

"అయితే మన టామ్సిన్?" అంది పక్కనున్నావిడ.

"తప్పుకుంటుంది," అంది నోలీన్, చేతనైనంత వినయంగా.

బెవర్లీ నమలడం ఆపింది. "ఏమ్మా నోలీన్, ఒకవేళ ఎంతకీ తప్పుకోకపోతే?"

"అలాంటివాళ్ళూ ఉంటార్లే, పాపం."

పోటీ మొదలైంది. న్యూజిలాండ్ అమ్మాయిలు ఒక పక్క నుంచి, ఆస్ట్రేలియా అమ్మాయిలు ఎదురు పక్క నుంచి బయల్దేరారు. సగం దూరం దాటిందో లేదో, న్యూజిలాండ్ జట్టులో పెట్రా వోల్కర్ అనే అమ్మాయి ముందు సైకిలుకి జానెడు వెనకబడింది, తర్వాత మూరెడు, తర్వాత బారెడు. ఇక అందుకోలేక ట్రాక్ పై అంచుకి వెళ్ళిపోయింది.

నోలీన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇప్పుడు మిగిలింది ముగ్గురే. ఎవరు తప్పుకున్నా జట్టు మొత్తం పోయినట్టే. టామ్సిన్ భుజాలు చూస్తే అప్పుడే ఊగుతున్నాయి.

క్లబ్బు ఆడవాళ్ళకి మాత్రం చెప్పిన పాఠం బాగా వంటబట్టింది. "టామ్సిన్, తప్పుకో," అని ఒకావిడ అందుకుంది. వరసంతా చప్పట్లు కొడుతూ, "తప్పుకో, టామ్సిన్, తప్పుకో," అని పాట కట్టింది. ఎదురు గ్యాలరీలో ఆస్ట్రేలియా వాళ్ళు కూడా మనస్ఫూర్తిగా గొంతు కలిపారు.

పరువా, పిల్లా అని తేల్చుకోవడానికి నోలీన్‌కి ఒక రౌండు పట్టింది. లేచి నిలబడింది.

"నోళ్ళు ముయ్యండర్రా. అది తప్పుకుంటే కొంప మునుగుతుంది."

"ఇందాక నువ్వేగా..."

"ఒక్కరికే ఆ వీలు. పెట్రా తప్పుకుంది, అయిపోయింది. ఒసే టామ్సిన్, వదలకే. ముందుదాని చక్రం వెనకాలే అంటుకుని ఉండు."

ముందు రెండు వరసలవాళ్ళు చెవులు మూసుకున్నారు. టామ్సిన్ వదల్లేదు. మూడో చక్రంగా ఆమెదే గీత దాటింది. న్యూజిలాండ్ వెంట్రుకవాసిలో గెలిచింది. నోలీన్ మళ్ళీ కూర్చుంది.

బెవర్లీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మీ అమ్మాయికి ఛాన్సు దక్కకుండా చేసిందన్నమాట ఆ పెట్రా. ఏం చేస్తాం నోలీన్, అందరికీ రాసిపెట్టి ఉండదు."

రెండు వరసల కింద పెట్రా తల్లి కోటులో మొహం దాచుకుని కూర్చుంది. బెవర్లీ చీజ్ రోల్స్ డబ్బా తీసుకుని ఆవిడ దగ్గరికి నడిచింది. వెనకాలే వరసంతా కదిలింది. ఎంత త్యాగమమ్మా మీ అమ్మాయిది, ఎలా పెంచారమ్మా, అంటూ చేతులు పట్టుకున్నారు. ఆవిడ బిత్తరపోయి చూసింది. తర్వాత మెల్లిగా వెన్ను నిటారైంది. అందరి తలల మీదుగా నోలీన్ వంక చూసింది. ఆటేమిటో ఆవిడకి తెలుసు.

పెట్రా చేతకాక వెనకబడిందన్న అసలు సంగతి నోలీన్ నాలుక చివరిదాకా వచ్చింది. బెవర్లీ అక్కడే ఉంది. ఇంతకంటే మంచి సమయం రాదు.

"అవును," అంది నోలీన్, ఆ మాటని గొంతులోంచి పుల్ల పెట్టి తీసినట్టు. "మీ పెట్రా లాగిన లాగుడుకే మనవాళ్ళు ముందుకొచ్చారు."

కింద ట్రాక్ పక్కన టామ్సిన్ వెల్లకిలా పడి, రొప్పుతూ, తల్లి కోసం చెయ్యి ఊపింది. "అమ్మా, చూశావా? చివరిదాకా ఉన్నాను."

"పాపం," అంది బెవర్లీ గొంతు తగ్గించి. "ఇప్పుడే ఏం చెప్పకు. ఇంటికెళ్ళాక నెమ్మదిగా చెబుదువుగాని."